మూలకణాల విభేదన పరీక్షల్లో డీఎంఎస్ఓ: వెహికల్ కంట్రోల్ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న
రాసినవారు: శ్రావ్య, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మానవ ఐపీఎస్ కణాలను (మామూలు శరీర కణాలను వెనక్కి మళ్లించి తయారుచేసిన మూలకణాలను) గుండె కండర కణాలుగా మారుస్తూ, ఆ మార్పు జరిగే రోజుల్లోనే మందులను కలిపి చూసి, పిండానికి హాని చేయగలవాటిని ముందుగా గుర్తించే పరీక్ష మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. విభేదనానికి, అంటే మూలకణం ఒక ప్రత్యేక కణంగా మారడానికి, వాడేది ఇప్పుడు చాలా ల్యాబ్‌లలో ఉన్న పద్ధతే. సున్నా రోజున చిర్-99021 అనే చిన్న అణువుతో, కణం ఏమి కావాలో నిర్దేశించే వింట్ సంకేతాన్ని పెంచుతాను, మూడో రోజున ఐడబ్ల్యూపీ-2 అనే మరో అణువుతో దాన్ని అణచుతాను, ఆ తర్వాత మీడియా మారుస్తూ వేచి చూడడమే. ఎనిమిదో రోజు దాటాక కణాల పొర అక్కడక్కడ కొట్టుకోవడం మొదలవుతుంది. పదిహేనో రోజున గుండె కండర కణాలకు గుర్తైన ట్రోపోనిన్-టి ప్రోటీన్ ఉన్న కణాల శాతాన్ని, కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే ఫ్లో సైటోమెట్రీతో లెక్కిస్తాను.

నేను పరీక్షించే మందులు దాదాపు అన్నీ నీటిలో కరగనివి కావడంతో, 10 మిల్లీమోలార్ స్టాక్‌లుగా డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిలో కరిగించి, సున్నా రోజు నుంచే మీడియాలో కలుపుతున్నాను. అత్యధిక డోస్ 50 మైక్రోమోలార్ దగ్గర డీఎంఎస్ఓ 0.5 శాతానికి చేరుతుంది కాబట్టి మందు లేకుండా ద్రావణి మాత్రమే ఉండే వెహికల్ కంట్రోల్ వెల్స్‌లోనూ (కణాలు పెంచే ప్లేట్‌లోని గుంటల్లోనూ) అంతే కలుపుతున్నాను. ఇబ్బంది అక్కడే వచ్చింది. మందు చుక్క కూడా లేని ఆ వెహికల్ వెల్స్‌కూ, డీఎంఎస్ఓ అసలు కలపని వెల్స్‌కూ మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తోంది, పైగా ఆ తేడా ఒకే దిశలో లేదు. బాగా విభేదనం చెందే కణశ్రేణిలో ట్రోపోనిన్ శాతం తగ్గుతోంది. మొదటి నుంచీ మొండికేసే రెండో కణశ్రేణిలో కొంత పెరుగుతోంది. కణాలేమీ చనిపోవడం లేదు, బతికున్న కణాల లెక్క రెండు రకాల వెల్స్‌లోనూ ఒకేలా ఉంది.

వెహికల్ విలువను 100 శాతంగా తీసుకుని మందు ప్రభావాన్ని దానితో పోల్చితే ద్రావణి ప్రభావం దానంతటదే తీసివేతలో పోతుందని మా గైడ్ గారు అంటున్నారు. పరిశోధన పత్రాల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. అయితే కణం ఏమి కావాలో తేల్చుకునే సమయంలో ద్రావణి కూడా ఆ నిర్ణయంలో తలదూర్చుతున్నప్పుడు, చివరికి వచ్చిన ఫలితాన్ని కేవలం మందు ప్రభావమని రాయవచ్చా అన్నది నా సందేహం. ఈ తీసివేత ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు? మూలకణాలకు ఇంతవరకు ఫరవాలేదు అనదగిన డీఎంఎస్ఓ శాతం ఏదైనా ఉందా? దాని బదులు ఇథనాల్‌కు మారితే సమస్య తగ్గుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం
రాసినవారు: విశ్రాంత కణశాస్త్ర ఆచార్యులు, విశాఖపట్నం

శ్రావ్య గారూ, మీకు కనిపించిన తేడా చేతిపని లోపం వల్ల వచ్చింది కాదు. డీఎంఎస్ఓ సీసాను మనం బీరువాలో ద్రావణుల వరసలో పెట్టుకున్నాం గాని, కణాల దారి మళ్లించగల పదార్థంగా దానికి యాభై ఏళ్లకు పైబడిన పేరుంది.

దీన్ని తొలిసారి తయారుచేసింది రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ జైత్సెవ్, 1866లో. గడ్డకట్టించి దాచే కణాలకు ఇది రక్షణగా పనికొస్తుందని 1959లో లవ్‌లాక్, బిషప్ చూపించాక జీవశాస్త్ర ల్యాబ్‌లలో స్థిరపడిపోయింది. 1971లో న్యూయార్క్‌లో చార్లట్ ఫ్రెండ్ బృందం ఎలుక ల్యుకేమియా కణాలను సుమారు 2 శాతం డీఎంఎస్ఓ ఉన్న మీడియాలో పెంచినప్పుడు, అవి ఎర్ర రక్తకణాల దారి పట్టి హీమోగ్లోబిన్ తయారుచేయసాగాయి. సెంట్రిఫ్యూజ్ చేసిన గొట్టం అడుగున పాలిపోయి ఉండాల్సిన కణాల ముద్ద ఎర్రబారడం కంటికే కనిపిస్తుంది. 1978లో హెచ్ఎల్-60 అనే మానవ ల్యుకేమియా కణాలు కూడా ఒక శాతం పైచిలుకు డీఎంఎస్ఓలో కొన్ని రోజులు ఉంటే న్యూట్రోఫిల్ తరహా కణాలుగా పరిపక్వమవుతాయని తేలింది. ఈ పద్ధతిని ఇవాళ్టికీ వాడుతున్నారు.

మీ పనికి మరీ దగ్గరిది 1982 నాటిది. కెనడాలో మెక్‌బర్నీ బృందం పీ19 అనే ఎలుక పిండ కార్సినోమా కణాలను గుంపులుగా చేర్చి పెంచినప్పుడు, రెటినోయిక్ ఆమ్లం కలిపినవి నాడీకణాలుగా మారాయి, డీఎంఎస్ఓ కలిపినవి గుండె కండరంగా, అస్థి కండరంగా మారాయి. ఆ ప్రయోగాల్లో వాడేది 0.5 నుంచి 1 శాతం. అంటే మీరు వెహికల్ అని పేరు పెట్టి కలుపుతున్న మోతాదు, మరో కణశ్రేణిలో గుండె కణాలను పుట్టించడానికి కావాలని కలిపే మోతాదుతో సమానం.

ఈ గుణం వెనక ఏముందో వెతుకుతూ పాల్ మార్క్స్, రొనాల్డ్ బ్రెస్లో తదితరులు డీఎంఎస్ఓ కన్నా బలంగా అదే పని చేసే అణువుల కోసం ఏళ్ల తరబడి శ్రమించి, హెచ్ఎంబీఏ అనే అణువు మీదుగా వొరినోస్టాట్ అనే మందు దాకా వెళ్లారు. జన్యువుల నియంత్రణలో పాత్ర ఉన్న హిస్టోన్ డీఎసిటైలేజ్ ఎంజైములను అడ్డుకునే ఆ మందును చర్మపు టీ-కణ లింఫోమాకు 2006లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. ఒక క్యాన్సర్ మందుకు మూలమైన పదార్థాన్ని మందు పరీక్షలో ఏమీ చేయనిదిగా రాసుకోవడం కొంచెం విడ్డూరమే.

మూలకణాల విషయానికి వస్తే, 2013లో హార్వర్డ్ నుంచి వచ్చిన ఒక పరిశోధన మీ రెండు కణశ్రేణుల చిక్కును కొంతవరకు విప్పుతుంది. విభేదనం మొదలుపెట్టడానికి ముందు మానవ మూలకణాలను 24 గంటలపాటు 1 నుంచి 2 శాతం డీఎంఎస్ఓలో ఉంచితే, కణచక్రంలో జీ1 దశలో (డీఎన్ఏ ప్రతి తయారీకి ముందటి దశలో) ఉండే కణాలు పెరిగి, ఆ తర్వాత ఇచ్చే విభేదన సంకేతాలకు అవి మెరుగ్గా స్పందించాయని, మామూలుగా సరిగా విభేదనం చెందని కణశ్రేణులు సైతం దారికి వచ్చాయని, ఇందులో కణచక్రాన్ని అదుపుచేసే ఆర్‌బీ ప్రోటీన్ పాత్ర ఉందని వారు చూపారు. దీన్నిబట్టి నా అంచనా ఇది: మొండికేసే మీ రెండో కణశ్రేణికి తొలి రోజుల డీఎంఎస్ఓ ఇలాంటి సాయమే చేస్తోంది, బాగా నడిచే మొదటి కణశ్రేణికి ఆ సాయం అక్కర్లేదు, దానికి మిగిలింది తర్వాతి రోజుల్లోనూ ఆగకుండా తగులుతున్న డీఎంఎస్ఓ చేసే చెరుపే. దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. డీఎంఎస్ఓను మొదటి రోజు మాత్రమే కొన్ని వెల్స్‌లో, మూడో రోజు తర్వాత మాత్రమే మరికొన్ని వెల్స్‌లో కలిపి చూడండి.

ఇక జన్యువుల నియంత్రణ సంగతి. ఎలుక పిండ మూలకణాల నుంచి చేసిన ఎంబ్రియాయిడ్ బాడీలలో (పిండాన్ని పోలిన కణగుచ్ఛాలలో) డీఎంఎస్ఓ, జన్యువుల పనిని అదుపుచేసే డీఎన్ఏ మిథైలేషన్ తీరును మారుస్తుందని, మిథైల్ గుంపులను చేర్చే డీఎన్ఎంటీ-3ఏ ఎంజైమును పెంచుతుందని జపాన్ శాస్త్రజ్ఞులు 2006లోనే నివేదించారు. 2019లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం వారు మానవ గుండె, కాలేయ సూక్ష్మకణజాలాలను రెండు వారాలపాటు కేవలం 0.1 శాతం డీఎంఎస్ఓలో ఉంచి, రెండు కణజాలాల్లోనూ వేలాది జన్యువుల వ్యక్తీకరణ మారడం చూశారు; గుండె కణజాలంలో జన్యువులను నియంత్రించే మైక్రోఆర్ఎన్ఏలు, మిథైలేషన్ మరీ ఎక్కువగా దెబ్బతిన్నాయి. 0.1 శాతం అంటే అందరూ నిశ్చింతగా రాసే అంకె. దాన్ని మోలార్‌లోకి మార్చి చూడండి, సుమారు 14 మిల్లీమోలార్. మీ మందు 10 మైక్రోమోలార్ ఉన్నప్పుడు, దాని పక్కనే 1,400 రెట్ల గాఢతలో రెండో పదార్థం ఉన్నట్టు. మీ 0.5 శాతమైతే 70 మిల్లీమోలార్.

కణాలు చనిపోవడం లేదన్నారు. అది ఊరటనిచ్చే మాట కాదు. విభేదనం దారి తప్పడానికి కణం చావనక్కర్లేదు, కాబట్టి బతికున్న కణాల లెక్కతో ద్రావణి పరిమితిని నిర్ణయించే అలవాటు మూలకణాల పనిలో పనికిరాదు.


సమాధానం
రాసినవారు: ప్రవీణ్, ఔషధ విషశాస్త్రం, జీనోమ్ వ్యాలీ

ఆచార్యుల వారు జీవశాస్త్రం చెప్పారు. నేను మందుల పరీక్ష వైపు నుంచి చెబుతాను.

ముందుగా ఒక లెక్క. డీఎంఎస్ఓ కలపని వెల్స్ అని మీరు అంటున్నవాటిలో నిజంగా డీఎంఎస్ఓ లేదా? చిర్‌ను 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 12 మైక్రోమోలార్‌కు తెస్తే దానితోపాటే 0.12 శాతం డీఎంఎస్ఓ వస్తుంది. ఐడబ్ల్యూపీ-2ను 5 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 5 మైక్రోమోలార్‌కు తెస్తే ఇంకో 0.1 శాతం. ఆ మందులు ఉన్న రోజుల్లో మీ శుద్ధమైన కంట్రోల్ 0.1 శాతం దగ్గర, మీ వెహికల్ 0.6 శాతం దగ్గర ఉన్నట్టు. నాడీకణాల పద్ధతుల్లో ఎస్‌బీ-431542, ఎల్‌డీఎన్ వంటి చిన్న అణువులను రెండు మూడు కలిపి వాడేవారికి ఈ మొత్తం ఇంకా పెరుగుతుంది, అయినా పత్రంలో మాత్రం పరీక్షించిన మందుతో వచ్చిన డీఎంఎస్ఓను ఒక్కదాన్నే రాస్తారు. ప్రతి రోజుకూ ప్రతి వెల్‌లో మొత్తం ద్రావణి ఎంతో ఒక పట్టిక వేసుకోండి. మూలకణాలు బతకడానికి కలిపే వై-27632 లాంటివి నీటిలోనే కరుగుతాయి, వాటికి అలవాటుగా డీఎంఎస్ఓ వాడవలసిన పని లేదు.

రెండోది మరీ ముఖ్యం. డోస్‌లను ఎలా పలచబరుస్తున్నారో మీరు రాయలేదు. ఒకే స్టాక్ నుంచి 50 మైక్రోమోలార్‌కు ఎక్కువ పరిమాణం, 5 మైక్రోమోలార్‌కు తక్కువ పరిమాణం తీసి నేరుగా మీడియాలో కలుపుతున్నట్లయితే, మందుతోపాటు డీఎంఎస్ఓ కూడా 0.5 నుంచి 0.05 శాతానికి దిగుతుంది. అప్పుడు మీరు గీసే డోస్ వక్రరేఖలో రెండు పదార్థాల వక్రరేఖలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి, 0.5 శాతం వెహికల్ ఒక్కటి పెట్టి వాటిని విడదీయలేరు. డోస్‌లన్నింటినీ ముందు నూరు శాతం డీఎంఎస్ఓలోనే వెయ్యి రెట్ల గాఢతలో వరసగా తయారుచేసుకుని, ప్రతి వెల్‌కూ ఒకే పరిమాణం కలపండి; మందు ఎంతైనా ద్రావణి 0.1 శాతం దగ్గరే నిలుస్తుంది. 50 మైక్రోమోలార్ కోసం 50 మిల్లీమోలార్ స్టాక్ కావాలి. కొన్ని మందులు అంత గాఢతలో డీఎంఎస్ఓలో కరుగుతాయి గాని మీడియాలో పడగానే అవక్షేపంగా దిగిపోతాయి, కాబట్టి కలిపిన గంటకు ఒకసారి, మరునాడు ఒకసారి ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్‌లో సూదుల్లాంటి స్ఫటికాలు ఉన్నాయేమో చూడండి. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న, 50 మైక్రోమోలార్ అసలు ఎందుకు? రోగి రక్తంలో ఆ మందు చేరే గరిష్ఠ గాఢత ఎంతో చూసి, దానికి పదుల రెట్లు దాటితే ఆ డోస్‌ను వదిలేయండి. చాలాసార్లు 0.5 శాతం అవసరం అక్కడే తీరిపోతుంది.

కలిపే విధానంలో చిన్న మెలకువ. డీఎంఎస్ఓ సాంద్రత 1.1, నీటికన్నా బరువు. పిపెట్‌తో నేరుగా వెల్‌లో వదిలితే ఆ చుక్క తిన్నగా అడుగుకు దిగి, కలిసేలోపే కింద అంటుకుని ఉన్న కణాలను గాఢంగా తాకుతుంది. వేరే గొట్టంలో వెచ్చటి మీడియాలో బాగా కలిపి, ఆ మీడియాను వెల్‌లోకి మార్చండి. ఏసీ గదిలో స్టాక్ గొట్టాలు గడ్డకడితే కంగారు పడనక్కర్లేదు, డీఎంఎస్ఓ గడ్డకట్టే ఉష్ణోగ్రత 18.5 డిగ్రీలే. పూర్తిగా కరిగించి, వోర్టెక్స్ చేశాకే వాడండి. మూత తెరిచి ఉంచితే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన వానాకాలంలో ఇది చిన్న సంగతి కాదు. నీరు చేరిన స్టాక్‌లో మందు అవక్షేపించి, మీరు రాసుకున్న గాఢతకూ అసలు గాఢతకూ పొంతన పోతుంది.

ద్రావణి కణాన్నే కాక మందును కూడా మార్చగలదు. సిస్‌ప్లాటిన్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. డీఎంఎస్ఓలోని గంధకం ప్లాటినానికి అంటుకుని క్లోరైడ్‌ను తప్పించి, మందును నిర్వీర్యం చేస్తుంది. 2014లో ఈ విషయాన్ని ప్రత్యేకంగా పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అంతకుముందు వచ్చిన అనేక పత్రాల్లో ప్లాటినం మందులను డీఎంఎస్ఓలోనే కరిగించారని చూపారు. సిస్‌ప్లాటిన్‌కు 0.9 శాతం సెలైన్ వాడాలి. ఆక్సాలిప్లాటిన్‌కు మళ్లీ సెలైన్ పనికిరాదు, 5 శాతం డెక్స్ట్రోజ్ వాడాలి. కాలేయ కణాల వైపు వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి: హెపాఆర్‌జీ అనే కాలేయ కణశ్రేణిని పరిపక్వం చేసి, మందులను విరగ్గొట్టే సైటోక్రోమ్ ఎంజైములను పెంచడానికి 2 శాతం డీఎంఎస్ఓను కావాలనే వాడతారు, మరోవైపు అదే డీఎంఎస్ఓ సీవైపీ-2ఈ1 వంటి సైటోక్రోమ్ ఎంజైముల పనిని నేరుగా అడ్డుకుంటుంది. మందు కాలేయంలో ఎంత వేగంగా విరిగిపోతుందో కొలిచేటప్పుడు ఈ రెండు ప్రభావాలూ ఒకేసారి లెక్కలోకి వస్తాయి.

పరిమితి ఎంత అని అడిగారు. అది పరీక్షను బట్టి ఉంటుంది. రసాయనాల పరీక్షలకు అంతర్జాతీయ పద్ధతులు నిర్ణయించే ఓఈసీడీ సంస్థ మార్గదర్శకాల్లో కణాల మీద చేసే క్రోమోజోమ్ దోషాల పరీక్షకు సేంద్రియ ద్రావణులు 1 శాతం వరకు చెల్లుతాయి. అదే ఓఈసీడీ 2013లో తెచ్చిన జీబ్రాఫిష్ పిండాల పరీక్షలో లీటరుకు 100 మైక్రోలీటర్లకు, అంటే 0.01 శాతానికి మించకూడదు. ఒకే సంస్థ రెండు పరీక్షలకు పెట్టిన అంకెల మధ్య నూరు రెట్ల తేడా ఉంది. రోజుల తరబడి ఎదుగుతున్న పిండానికీ, కొన్ని గంటలు మందు తగిలే కణాలకూ ఒకే కొలత వర్తించదన్నమాట. మీ పరీక్ష స్వభావం ఆ పిండాల పరీక్షకే దగ్గర.

అమెరికాలో 2022 డిసెంబరు నాటి చట్ట సవరణ, మన దేశంలో 2023 మార్చి నాటి నిబంధనల సవరణ జంతువులు లేని పరీక్షలకు తలుపు తెరిచాయి. ఈ ఫలితాలు ఇక మీద థీసిస్‌లోనే ఉండిపోవు, అనుమతి దస్త్రాల్లోకి వెళతాయి. అక్కడ కూర్చునేవారు వెహికల్ వెల్స్‌కూ మామూలు వెల్స్‌కూ తేడా ఎందుకుందని తప్పక అడుగుతారు.


సమాధానం
రాసినవారు: మాధురి, బెంగళూరు

ఇథనాల్ గురించి మాత్రం. 0.1 శాతం ఇథనాల్ అంటే 100 మిల్లీలీటర్లకు సుమారు 79 మిల్లీగ్రాములు. మన మోటారు వాహనాల చట్టం డ్రైవర్ రక్తంలో అనుమతించేది 30 మిల్లీగ్రాములు. గర్భంలోని శిశువుకు మద్యం చేసే హాని ఏమిటో తెలిసిన మనం, పిండానికి మందు చేసే హానిని కొలిచే పరీక్షలో దాన్ని అమాయకమైన ద్రావణిగా ఎలా పెట్టుకుంటాం? విటమిన్-ఏ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారయ్యే దారిలో ఉన్న ఎంజైములు ఇథనాల్‌నూ విరగ్గొడతాయి, కాబట్టి రెండింటికీ అక్కడ పోటీ పడుతుంది. గుండె ఏర్పడడంలో రెటినోయిక్ ఆమ్లం పాత్ర మీకు తెలిసిందే. పైగా 37 డిగ్రీల దగ్గర అది ఆవిరై పక్క వెల్స్‌లోకి చేరుతుంది, ఏ వెల్‌లో ఎంత మిగిలిందో చెప్పలేం. గుండె విభేదనానికి నేను దాన్ని సిఫారసు చేయను.


సమాధానం
రాసినవారు: రఘు, శాన్ డియేగో

పైన చెప్పిన వాస్తవాలతో నాకు పేచీ లేదు గాని, వాటి నుంచి తీస్తున్న భయం కొంచెం ఎక్కువనిపిస్తోంది. వేల జన్యువుల వ్యక్తీకరణ మారిందంటే వినడానికి పెద్దగానే ఉంటుంది. వాటిలో చాలా మార్పులు కణం చేసే పనిలో ఎక్కడా కనిపించకపోవచ్చు. మీడియా బ్రాండు మార్చినా, సీరం లాట్ మార్చినా, కణాల సాంద్రత కాస్త అటూ ఇటూ అయినా జన్యు వ్యక్తీకరణ మారుతుంది. ఇప్పుడున్న గుండె విభేదన పద్ధతులన్నీ చిర్, ఐడబ్ల్యూపీలతో వచ్చే డీఎంఎస్ఓ సమక్షంలోనే మెరుగుపడ్డాయి. అంటే ఆ 0.1 శాతం ఈ వ్యవస్థలో ఇప్పటికే ఒక భాగం. దాన్ని పూర్తిగా తీసేస్తే మీకు లభించేది శుద్ధమైన వ్యవస్థ కాదు, ఎవరి ఫలితాలతోనూ పోల్చుకోలేని కొత్త వ్యవస్థ.

ప్రత్యామ్నాయాలూ నిర్దోషులు కావు. సైక్లోడెక్స్ట్రిన్లు కణపొర నుంచి కొలెస్ట్రాల్‌ను లాగేస్తాయి, మిథైల్ రకం మరీ ఎక్కువగా. డైమిథైల్ ఫార్మమైడ్ కూడా హెచ్ఎల్-60 కణాలను డీఎంఎస్ఓ లాగానే విభేదనం చెందిస్తుంది. కాబట్టి ద్రావణి మార్చడం కన్నా దాన్ని తక్కువగా, స్థిరంగా ఉంచి, వెహికల్‌తో పోల్చడమే ఆచరణలో మేలు. మీ గైడ్ గారి మాట మూలంలో సరైనదే. నేను తప్పుపట్టేది 0.5 శాతాన్ని మాత్రమే.


శ్రావ్య, హైదరాబాద్

అందరికీ కృతజ్ఞతలు. ప్రవీణ్ గారూ, మీరు అనుమానించినట్టే అన్నిటికన్నా ఎక్కువైన రెండు డోస్‌లకు స్టాక్ నుంచి నేరుగా తీసి కలుపుతున్నాం. వెయ్యి రెట్ల వరసను ఈ వారమే తయారుచేస్తాను. చిర్‌తో వచ్చే డీఎంఎస్ఓను లెక్కలో పెట్టాలని మా ల్యాబ్‌లో ఎవరికీ తట్టలేదు. రఘు గారి వాదన మా గైడ్ గారి వాదనకు దగ్గరగా ఉంది, అందుకే ఇంకొకటి అడగాలనిపిస్తోంది. 0.1 శాతానికి దిగాక కూడా, ఆ మిగిలిన డీఎంఎస్ఓ మందు ప్రభావాన్ని పెంచడం గాని తగ్గించడం గాని చేయడం లేదని చూపడానికి ప్రయోగం ఏదైనా ఉందా? ద్రావణి లేకుండా ఆ మందును ఇవ్వలేను కదా.


సమాధానం
రాసినవారు: విశ్రాంత కణశాస్త్ర ఆచార్యులు, విశాఖపట్నం

ఉంది. మీ మందును ద్రావణి లేకుండా ఇవ్వలేరు సరే, ద్రావణి అక్కర్లేని మందును తీసుకోండి. సోడియం వాల్‌ప్రొయేట్ నీటిలో హాయిగా కరుగుతుంది, గర్భస్థ శిశువుకు హాని చేస్తుందని రుజువైన మందు, పైగా హిస్టోన్ డీఎసిటైలేజ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి డీఎంఎస్ఓ లాగే అదీ జన్యువుల నియంత్రణను తాకుతుంది. దాని పూర్తి డోస్ వరసను మూడు రకాలుగా నడపండి: అదనపు డీఎంఎస్ఓ లేకుండా ఒకటి, 0.1 శాతంతో ఒకటి, 0.5 శాతంతో ఒకటి. మూడు వక్రరేఖల ఆకారం ఒకటేగా ఉండి, సగం ప్రభావం చూపే గాఢత కదలకుండా, మొదలయ్యే ఎత్తు మాత్రమే మారితే రఘు గారన్నట్టు వెహికల్‌తో పోల్చడం చెల్లుతుంది. వక్రరేఖ ఎడమకో కుడికో జరిగితే, ద్రావణీ మందూ ఒకదానిపై ఒకటి పనిచేస్తున్నట్టే, అప్పుడు ఏ తీసివేతా దాన్ని సరిదిద్దదు. బెర్లిన్‌లో ఎలుక పిండ మూలకణాలతో రూపొంది 2002లో యూరప్‌లో ధ్రువీకరణ పొందిన పరీక్షలో 5-ఫ్లోరోయురాసిల్‌ను హాని చేసేదానికి నమూనాగా, పెన్సిలిన్-జీని చేయనిదానికి నమూనాగా వాడతారు. పెన్సిలిన్-జీ కూడా నీటిలో కరిగేదే కాబట్టి దాన్నీ ఇదే మూడు వరసల్లో పెట్టండి. హాని చేయని మందు డీఎంఎస్ఓ సమక్షంలో హాని చేసేదిగా కనిపిస్తే మీ పరీక్ష పరిమితి ఎక్కడుందో తెలిసిపోతుంది.

తీసివేత ఎందుకు చెల్లకపోవచ్చో ఊహాత్మక అంకెలతో చూడండి. ద్రావణి లేనప్పుడు ట్రోపోనిన్ 80 శాతం, వెహికల్‌లో 50, మందుతో 40 అనుకుందాం. తీసివేస్తే మందు 10 పాయింట్లు తగ్గించింది, భాగిస్తే అయిదో వంతు తగ్గించింది. 80 దగ్గర ఉన్న ఆరోగ్యకరమైన కణాలను ఆ మందు 70కి దించుతుందా, 64కు దించుతుందా, అసలు కదిలించదా అన్నది ఈ రెండు లెక్కల్లో ఏదీ చెప్పదు. అందుకే పత్రంలో 100 శాతంగా మార్చిన విలువలు మాత్రమే కాక, ద్రావణి లేని వెల్స్, వెహికల్ వెల్స్ రెండింటి అసలు విలువలూ ఇవ్వండి. రెండు కణశ్రేణులకూ విడివిడిగా ఇవ్వండి, సగటు తీయవద్దు. వ్యతిరేక దిశల్లో కదిలే రెండింటి సగటు ఏ మార్పూ లేనట్టు చూపిస్తుంది.

ఇంకొక చోటు నుంచి కూడా డీఎంఎస్ఓ వస్తుంది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. కణాలను 10 శాతం డీఎంఎస్ఓలో గడ్డకట్టించి దాస్తాం. వయల్ కరిగించాక ఆ ఒక మిల్లీలీటరును తొమ్మిది మిల్లీలీటర్ల మీడియాలో పోసి, సెంట్రిఫ్యూజ్ చేయకుండా ప్లేట్‌లో వేసి మరునాటిదాకా వదిలేస్తే, కణాలు ఒక రోజంతా 1 శాతం డీఎంఎస్ఓలో గడిపినట్టే. విభేదనాన్ని మెరుగుపరచడానికి హార్వర్డ్ వారు ఇచ్చిన ముందస్తు మోతాదు పరిధిలోదే అది, వ్యవధీ అంతే. కరిగించిన రోజునే సెంట్రిఫ్యూజ్ చేసి పాత మీడియా తీసేయండి, కనీసం రెండు పాసేజ్‌లు (కణాలను విడదీసి కొత్త ప్లేట్‌లోకి మార్చడాలు) దాటాకే విభేదనానికి పెట్టండి, ఒక ప్రయోగంలోని ప్లేట్లన్నీ ఒకే పాసేజ్ కణాలతో వేయండి.